పదకొండు నంబర్లు

చెన్నూరు,
14 జులై 2024

అంబ్రీన్ అక్కకు,

వందనాలు. ఈ ఉత్తరం చూసి నవ్వుకుంటావేమో. ఫోన్ ఎట్లా వాడాలో ఊరూరా తిరిగి పిల్లలకు నేర్పిన లిడియా, పోస్టాఫీసుకు పోయి కవరు కొనుక్కొచ్చి రాస్తోందని. నవ్వుకో. నా ఫోన్ పది రోజులుగా బియ్యం డబ్బాలో పడి ఉంది. తెరిస్తే తిట్లు. ఆడవాళ్ళ గొంతులే ఎక్కువ, అదింకా కాలుతుంది.

జరిగింది నీకు ముక్కలు ముక్కలుగా తెలిసే ఉంటుంది. మొదటి నుంచి చెప్తాను. మంచిర్యాలలో దశరథం అనే ఆయన ఆడపిల్లల హాస్టల్ నడుపుతాడు. స్నానాల గదుల ముందు వరండాలో కెమెరా పెట్టాడు. అడిగితే దొంగల భయం అన్నాడు. అందులో పడేదంతా ఆయన ఫోన్‌లో కనిపిస్తుందని పిల్లలకు తెలిసిపోయింది. డిగ్రీ చదివే పిల్లలు పదకొండు మంది ధైర్యం చేసి మన మాటహక్కు వేదిక సర్వే ఫారం నింపారు. పేర్లు అడగలేదు. నిజంగా హాస్టల్ వాళ్ళేనని తేల్చుకోవడానికి ఫోన్ నంబర్ ఒక్కటి అడిగాం. "మీ నంబర్ కరీంనగర్ ఆఫీసు దాటి పోదు, నాది జిమ్మేదారి" అని ఒక్కొక్కరి చేయి పట్టుకుని చెప్పాను.

మూడో రోజున దశరథం పదకొండు ఇళ్ళకూ ఫోన్ చేశాడు. ఆయన దగ్గర హాస్టల్ రిజిస్టర్ ఉంది, నంబర్ చూస్తే పిల్ల ఎవరో తెలిసిపోతుంది. "మీ బిడ్డ స్నానాల గది ముచ్చట ఇంటర్నెట్ల రాసింది, ఊరంత చదువుతుండ్రు" అన్నాడట. మా చిన్నాయన అహరోను తెల్లారి మొదటి బస్సుకే పోయి తన బిడ్డ రిబ్కను ఇంటికి తీసుకొచ్చేశాడు. బీఎస్సీ రెండో ఏడు. మా ఇంట్లో సైన్సు చదివిన మొదటి ఆడపిల్ల. ఇప్పుడు చర్చిలో వెనక వరసలో కూర్చుంటోంది. నేను పోయి పక్కన కూర్చుంటే లేచి ఇంకో చోటికి పోతుంది.

కెమెరా ఎప్పుడో పీకేశాడు, పోలీసులు వచ్చి చూస్తే గోడకు మేకు మిగిలింది. సరే, దశరథం పగవాడని మొదటే తెలుసు. కానీ నంబర్లు ఇచ్చింది మనవాడు కదా అక్కా. వెబ్‌సైట్‌లో మనం పెట్టేది జవాబులే, నంబర్లు తీసేసి పెడతాం. నంబర్లున్న పట్టిక చూసేది ఇద్దరే. ఒకరు నువ్వు. ఇంకొకరు వేదిక నడిపే శ్యాంసుందర్ సారు. నువ్వు ఇవ్వవు.

న్యాయం, హక్కు అన్న మాటలు ట్రైనింగుల్లో చెప్పి చెప్పి నా నోరు అరిగింది. నాకిప్పుడు అవేవీ వద్దు. ఆ మనిషి పదిమందిలో తల దించుకుని నిలబడటం చూడాలి. ఆఫీసులో పక్క కుర్చీలో ఉంటావు కదా, ఏం చూశావో రాయి.

నీ లిడియా


కరీంనగర్,
23 జులై

లిడియా,

సలాం. నీ కవరు అమ్మీ చేతికి దొరికింది. "గీ కాలంల ఉత్తరం ఎవలు రాస్తరు బేటా? ఎవడన్నా పిలగాడా?" అని రోజంతా నా వెనక పడింది. నీ పేరు చూపించాక గానీ ఊరుకోలేదు. తర్వాత మేడ మీదికి పోయి రెండుసార్లు చదివాను. రిబ్క గురించి రాసిన చోట ఆగిపోయాను. ఆ పిల్లను నేను చూశాను కదా, మంచిర్యాల శిబిరంలో ముందు వరసలో కూర్చుని అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది.

శ్యాంసుందర్ సారు గురించి అడిగావు. ఏం రాయమంటావు? ఫోన్ భద్రత మీద తెలుగులో, ఉర్దూలో చిన్న పుస్తకం నేను రాశానని నీకు తెలుసు. ఎనిమిది నెలలు కూర్చుని రాశాను. హైదరాబాద్ సభలో దాన్ని చేతిలో పట్టుకుని సారు గంటసేపు మాట్లాడాడు. చివర్లో ఎవరో నా వైపు చూపించి ఈ అమ్మాయి ఎవరని అడిగితే, "మా ఆఫీసుల టైపింగ్ చూస్తది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా నా దవడల్లో నొప్పి పెడుతోంది లిడియా. పంతొమ్మిది సంస్థలను కూడగట్టి ఈ వేదిక నిలబెట్టాడు, నిజమే. అంతమాత్రాన మనుషులు ఆయనకు గుమాస్తాలా?

ఆయనే ఇచ్చాడని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. పోయిన నెల ఒక పెళ్ళిలో దశరథంతో చాలాసేపు పక్కన నిలబడి మాట్లాడటం చూశాను. నేను చూసింది అంతే. మిగతాది నువ్వే ఆలోచించుకో.

ఫికర్ చేయకు. నువ్వు ఒంటరిగా లేవు. తినడం మానకు.

అంబ్రీన్


చెన్నూరు,
18 ఆగస్టు

అక్కా,

రిబ్కకు సంబంధం ఖాయం చేశారు. పిల్లవాడు బెల్లంపల్లిలో ఏదో షాపులో పని చేస్తాడట, మంచివాడేనట. మంచివాడైతే ఏం, చెడ్డవాడైతే ఏం, దాన్ని ఎవరు అడిగారు? పెళ్ళి జనవరిలో. "నలుగురు మర్చిపోవాలంటే గదొక్కటే తొవ్వ" అంటాడు చిన్నాయన. ఆయనను తిట్టలేను. దశరథం ఫోన్ చేసిన రోజు నుంచి మిల్లు కాడ మగవాళ్ళు ఆయనతో మాట్లాడటం మానేశారు.

మొన్న చిన్నమ్మ ఇంటికి పోతే పెరట్లో పొగ. రిబ్క తన బోటనీ రికార్డులు పొయ్యిలో పెడుతోంది. ఎన్ని ఆకుల బొమ్మలు గీసుకుందో, ఒక్కొక్క కాయితం చింపి పెడుతోంది. చేయి పట్టుకుంటే విడిపించుకుంది. "నువ్వు చెప్పినవ్ గదా అక్కా నంబర్ బయటికి పోదని" అంది. ఏడవలేదు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

పెళ్ళిలో దశరథంతో మాట్లాడాడని రాశావు చూడు, ఆ ముక్క చదివిన నాటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. రోజూ పడుకునే ముందు సారు ముఖాన్ని నా ముందు నిలబెట్టుకుని తిడుతున్నాను. ప్రార్థనలో కూడా అదే. పాస్టరమ్మకు తెలిస్తే చర్చి మెట్లు ఎక్కనివ్వదు.

సెప్టెంబర్ 29న జైనూర్‌లో మన వార్షిక సభ ఉంది. మన ఆనవాయితీ తెలుసు కదా, ప్రశ్న మిగిలితే అన్నం లేదు. అందరికంటే చిన్న సభ్యురాలు కుర్చీలో కూర్చుంటుంది, ఎవరైనా ఎవరినైనా నిలబెట్టి అడగొచ్చు, ప్రశ్న పడ్డవాడు జవాబు చెప్పేదాకా భోజనం గంట కొట్టరు. ఆ ఆనవాయితీ పెట్టిందే శ్యాంసుందర్. ఆయన పెట్టిన దానితోనే ఆయనను నిలబెడతాను.

కానీ ఒట్టి అనుమానం పట్టుకుని లేస్తే నవ్వుతారు. నువ్వు చూసింది కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తావా? ఇంకేమైనా గుర్తొస్తే అదీ రాయి.

లిడియా


కరీంనగర్,
2 సెప్టెంబర్

లిడియా,

గుర్తొచ్చింది. విడిగా ఇంకో కాయితం మీద రాసి సంతకం పెట్టాను, ఈ కవరులోనే ఉంది. సర్వే ముగిసిన మరునాడు సారు పట్టికను ప్రింటు తీసి మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను. సభలో చదువు.

నేను రాను. అమ్మీకి కంటి ఆపరేషన్, ఇంట్లో ఎవరూ లేరు. నా పేరు చదవడానికి నాకేం భయం లేదు.

ఒక్క మాట విను. సభలో నువ్వు వేడి మీద ఉంటావు కాబట్టి ముందే చెప్తున్నాను. నంబర్లు ఎట్లా బయటికి పోయాయని అడగకు. అట్లా అడిగితే కంప్యూటర్లూ ఫైళ్ళూ అని గంటలకొద్దీ మాట్లాడి అందరినీ తికమక పెడతాడు, అది ఆయనకు వచ్చిన విద్య. "పదకొండు మంది పిల్లలను ఎందుకు అమ్ముకున్నావు?" అని అడుగు. ఆ ఒక్క ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడుగు. పిల్లల పేర్లు చెప్పకుండా వాళ్ళ చదువులు చెప్పు, బీఎస్సీ ఒకరు, బీకాం ముగ్గురు, అట్లా. హాలంతా నీ వెనక నిలబడుతుంది.

ఆయనకు ఆకలి తెలియాలి.

అంబ్రీన్


చెన్నూరు,
1 అక్టోబర్

అంబ్రీన్ అక్కా!

నువ్వు ఉండాల్సింది. నీ కళ్ళతో నువ్వు చూడాల్సింది!

రెండు వందల మందికి పైనే వచ్చారు. ఉట్నూరు వైపు గుట్టల మీది ఊళ్ళ నుంచి గోండు పిల్లలు జీపుల్లో దిగారు, కుర్చీలో కూర్చున్నది కూడా వాళ్ళలో ఒక పిల్లే. మొన్ననే పద్దెనిమిది నిండాయి, ఓటు కార్డు మెడలో వేసుకుని వచ్చింది. పన్నెండున్నరకు నేను లేచాను. నీ కాయితం చదివాను. నువ్వు చెప్పినట్టే ఒక్క ప్రశ్న అడిగి నిలబడ్డాను.

సారు ముందు నా ముఖం చూశాడు. తర్వాత నీ కాయితం ఇమ్మని చేయి చాపాడు. చదివాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "నేను ఇయ్యలే" అన్నాడు. "మరి ఎవలు ఇచ్చిండ్రు?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "నేను ఇయ్యలే. గంతకన్న ఎక్కువ నన్ను అడగకుండ్రి" అన్నాడు. ఇక హాలు ఊరుకుంటుందా? ఒంటిగంట, రెండు, రెండున్నర. వెనక పప్పు, జొన్న రొట్టెల వాసన. గంట దగ్గర నిలబడ్డ వంటాయన అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. హుస్నాబాద్ సంఘం రాయమల్లు ఆయనకు పాతికేళ్ళ దోస్తు కదా, ఆయనే లేచి, "చెప్పు సారూ, పోరగాళ్ళ కడుపులు మాడుతున్నయ్. దాసిపెట్టుడు ఎందుకు?" అన్నాడు. అప్పుడు చూడాలి ఆ ముఖం. నల్లబడిపోయింది.

మూడు కావస్తుండగా సారు తన మెడలోని వేదిక కార్డు తీసి కుర్చీలో కూర్చున్న పిల్ల ముందు పెట్టాడు. "నేను పోతున్న. గంట గొట్టుండ్రి" అన్నాడు. నడుచుకుంటూ బస్సుల దిక్కు పోయాడు. ఒక్కరు దారి ఇవ్వలేదు. పక్కకు ఒరుగుతూ పోయాడు. చెప్పు ఒకటి తెగితే చేతిలో పట్టుకుని పోయాడు.

గంట కొట్టారు. నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను అక్కా. రెండు నెలల తర్వాత కడుపు నిండా తిన్నాను. ఇంటికొచ్చి రిబ్కకు చెప్తే, "అయితే నన్ను మల్ల కాలేజీకి తోలుతరా?" అని అడిగి బియ్యం చెరుగుతూ కూర్చుంది. దానికి ఇంకా అర్థం కాలేదు. మెల్లగా అవుతుంది.

నీ రుణం ఎట్లా తీర్చుకోను?

నీ చెల్లె లిడియా


కరీంనగర్,
20 అక్టోబర్

ప్రియమైన లిడియా,

ఆలస్యానికి ఏమనుకోకు. కార్యవర్గం నన్ను తాత్కాలికంగా సమన్వయకర్తను చేసింది. తాత్కాలికం అన్నారు గానీ ఇంకెవరి పేరూ వినిపించడం లేదు. సారు కుర్చీ నాకు ఎత్తైంది, వెబ్‌సైట్ చూసే తన్వీర్‌ను పిలిచి దింపించుకున్నాను. నా పుస్తకం కొత్త అచ్చు వేయిస్తున్నాం. అట్ట మీద నా పేరు.

ఆయన తన సామాను కోసం ఒకరోజు వచ్చాడు. నాలుగు పుస్తకాలు, ఒక టీ కప్పు. "మంచిగున్నవా అంబ్రీన్?" అన్నాడు. ఉన్నానని చెప్పి కంప్యూటర్ వైపు తిరిగాను. పోయేదాకా వెనక్కి చూడలేదు. ఎన్నాళ్ళుగా ఆయన నన్ను చూడలేదో అన్నాళ్ళకూ అది జవాబు.

ఇకమీదట ఇలాంటివి జరగకుండా చర్యలు తీసుకుంటున్నాను. ముందుగా, నీకు మనశ్శాంతిగా ఉంటుందని మీ హాస్టల్ సర్వే ఫైలును వెబ్‌సైట్ నుంచి పూర్తిగా తీయించాను. మిగతా సర్వేలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ గొడవ ముగిసింది కాబట్టి నువ్వు కూడా ఇక దాని ఊసు ఎత్తకు. జనవరి నుంచి మళ్ళీ పనిలోకి రా, నీ చోటు నీకే ఉంది.

రిబ్క పెళ్ళి తేదీ రాయి. మంచి చీర పంపుతాను.

అంబ్రీన్


చెన్నూరు,
10 నవంబర్

అంబ్రీన్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఒక్క అనుమానం తీర్చండి. నంబర్లు శ్యాంసుందర్ జేబులో ప్రింటు కాయితం మీద పోతే, వెబ్‌సైట్‌లో ఉన్న ఫైలును తీయించడం ఎందుకు? మూడు వందల సర్వేలుండగా అది ఒక్కటే ఎందుకు?

ఆ అనుమానంతోనే చిన్నమ్మ ఇంటికి పోయాను. సర్వే ఫైలు వెబ్‌సైట్‌లో పెట్టిన సాయంత్రమే రిబ్క దాన్ని దింపుకుని తన మెయిల్లో ఉంచుకుందట, తను రాసిన మాట ఊరంతా చూసేచోట ఎట్లా కనిపిస్తుందో చూసుకోవాలని. మన ఆఫీసు ల్యాప్‌టాప్ నా దగ్గరే ఉంది కదా, తీసుకుపోయి దాని ముందు పెట్టాను. నాలుగు నెలల్లో మొదటిసారి నా పక్కన కూర్చుంది. పట్టిక పైన ఉండే ఏ, బి, సి అక్షరాల వరస చూసి, "అక్కా, బి తర్వాత డి ఉన్నది. నడుమ సి యాడ వాయె?" అంది. ఆ నడిమి గీత మీద నొక్కింది. తెరుచుకుంది. పదకొండు నంబర్లు, వరసగా. మూడోది దానిదే. ఫైలు పెట్టినవారి పేరు: అంబ్రీన్. సాయంత్రం ఐదు నలభై.

సర్వే ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో జవాబులన్నీ జనం ముందు పెట్టాలి, ఏదీ దాచొద్దు అన్నది మన నియమం. ఆ తొందరలో మీరు నంబర్ల వరసను కనిపించకుండా దాచారు. తుడవలేదు. దశరథం కూడా ఆ గీతే నొక్కి ఉంటాడు. ఫోన్ భద్రత మీద పుస్తకం రాసిన మీరు.

మరునాడు సారు ఉండే హుస్నాబాద్ పోయాను. శ్యాంసుందర్ సారు నన్ను గడప బయట నిలబెడతాడనుకున్నాను. మంచం వాల్చి కూర్చోమన్నాడు. అడిగితే చెప్పాడు. "రెండో నాడే చూసిన బిడ్డా. తన్వీర్‌తోని తుడిపిచ్చిన. అంబ్రీన్ పక్కనే ఉన్నది, ఏడ్సింది. ఇంకెవలు చూసి ఉండరు అనుకున్న, గదే నా తప్పు. ఇరవై నాలుగు గంటలని తరిమింది నేనే, చెయ్యి జారింది ఆ పిల్లది. పేరు జెప్తె దాని బతుకు ఆగమైతది. నాకేంది, అరవై దాటినోన్ని." సభలో మీ సంతకం చూసి కూడా చెప్పలేదు ఆ మనిషి. నేను కాళ్ళు పట్టుకోబోతే లేచి లోపలికి పోయాడు.

మీరు, గారు అని రాయడం ఇక నాతోని కాదు. మా ఇంటి మాటలనే రాస్త.

చెయ్యి జారింది, సరే. నాకు జెప్తె నీ కోసం నేనే కొట్లాడేదాన్ని. నువ్వేం జేసినవ్? నా కడుపుల మంట జూసి దాని మీద నీ రొట్టె కాల్చుకున్నవ్. నా చెల్లె పుస్తకాలు పొయ్యిల వెడుతుంటే నువ్వు నాకు ప్రశ్న రాసిచ్చినవ్, ఎట్ల అని అడగకు, ఎందుకు అని అడుగు అని. థూ! ఒక మంచి మనిషిని తెగిన చెప్పుతోని నడిపిచ్చి నేను రెండుసార్లు అన్నం పెట్టిచ్చుకున్న. ఆ అన్నం ఇప్పుడు నా గొంతుల అడ్డం పడ్డది.

కార్యవర్గానికి రాయను. నీ కుర్చీ జోలికి రాను, కూసో. గానీ పదకొండు మందికి నీ నంబర్ ఇచ్చిన. ఒక్కొక్కల్ల ఇంటికి పోయి ఏం జరిగిందో చెప్పి ఇచ్చిన. చేస్తరు. ఎప్పుడు చేస్తరో, ఏం అడుగుతరో నాకు తెలువది. ఎత్తు. పదకొండుసార్లు ఎత్తు. ఒక్కటి ఎత్తకున్నా నేను కరీంనగర్ బస్సెక్కుత.

లిడియా


కరీంనగర్,
27 నవంబర్

లిడియాకు,

ఎత్తాను. అన్నీ ఎత్తాను.

మొదటి ఫోన్ నీ ఉత్తరం చేరిన రోజునే వచ్చింది. ఆ పిల్ల తిట్టింది. అంత బాగా తిట్టడం డిగ్రీ పిల్లలకు వస్తుందని నాకు తెలియదు. రెండో పిల్ల ఏమీ మాట్లాడలేదు, నేను హలో హలో అంటుంటే వింటూ ఉండి పెట్టేసింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. ఒకరు వాళ్ళ అవ్వకు ఇచ్చారు. ఆమె, "నీకు బిడ్డలున్నరా?" అని అడిగింది, లేరంటే, "మంచిగైంది" అంది. బీకాం పిల్ల ఒకతె, తన అన్న ఎట్లా కొట్టాడో, ఏ చేయి ఎత్తలేకపోయిందో రిపోర్టు చదివినట్టు చెప్పి, "రాసుకున్నరా?" అని అడిగింది. రాసుకున్నాను.

నాలుగో రోజు నుంచి ఫోన్ మోగితే మేడ మీదికి పోయి ఎత్తుతున్నాను. ఆపరేషన్ తర్వాత అమ్మీకి చూపు బాగా వచ్చింది. నా ముఖం చూసి, "ఏమైంది బేటా, గింత పరేషాన్?" అంది. చెప్పాను. మొత్తం చెప్పాను. అప్పటి నుంచి నాకు టీ పోయడం లేదు.

నేను దొంగను కాదు లిడియా. ఆ సాయంత్రం నిజంగా మరిచిపోయాను. కానీ సారు నన్నేమీ అనకపోవడం చూసి నాకు ఇంకా మంట పుట్టింది. తిడితే సరిపోయేది. ఆయన క్షమించాడు, అది కూడా టైపిస్టును క్షమించినట్టు అనిపించింది. జులైలో నీ ఉత్తరం వచ్చినప్పుడు చేతికి కత్తి దొరికినట్టైంది. ఇంతే. దీనికి ఇంకో పేరు లేదు.

పది మందికీ మాఫీ అని చెప్పాను. ఎవరూ పర్వాలేదు అనలేదు. నేనూ అనుకోలేదు.

రాజీనామా నిన్న ఇచ్చాను. జైనూర్ కాయితం మీద రాసింది అబద్ధమని పంతొమ్మిది సంస్థలకూ నా చేత్తో రాసి పంపాను. సారుకు కూడా ఒకటి పోస్టు చేశాను.

పదకొండో ఫోన్ ఈ రోజు పొద్దున వచ్చింది. రిబ్క. వాళ్ళ అవ్వ ఫోన్‌లోంచి చేసింది. ఈ ఒక్క పిల్లతో ఏం చెప్పాలో ఇన్నాళ్ళుగా మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. కాలేజీలో మాట్లాడతాను, మీ బాపు కాళ్ళ మీద పడతాను, పెళ్ళి ఆపుతాను, ఎన్నో అనుకున్నాను. ఆమె నన్ను నోరు తెరవనివ్వలేదు.

"నా నంబర్ ఇంక మీ దగ్గర ఉన్నదా?" అంది.

ఉందన్నాను.

"తుడువుండ్రి. దాసిపెట్టుడు గాదు, తుడువుడు. నేను లైన్ల ఉంట."

తుడిచాను. కంప్యూటర్‌లో, నా ఫోన్‌లో, ఆఫీసు కాయితాల్లో. ఒక్కొక్కటి తుడిచి పైకి చెప్పాను. అవతల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, ఎవరో ఆమెను పిలుస్తున్నారు, ఆమె పోలేదు.

"అయిందా?"

"అయింది."

"గీ నంబర్ గూడ. నేను పెట్టేసినంక."

పెట్టేసింది. అదీ తుడిచాను.

మాఫీ అన్న మాట ఆమెతో అననేలేదు. ఆమె నంబర్ నువ్వు ఇస్తావేమో అడుగుదామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇక్కడిదాకా వచ్చాక అడగడానికి చేయి రావడం లేదు. నువ్వు ఇవ్వకు.

అంబ్రీన్